డాట్ తర్వాతి మాట: టీఎల్‌డీ చెకర్ ప్రాజెక్టు డైరీ

సోమవారం

చేనేత సహకార సంఘాల వివరాలన్నీ ఒకచోట దొరికేలా చిన్న వెబ్‌సైటు కడుతున్నాం. సంఘం పేరు, ఊరు, నేత రకం, ఫోను, వెబ్‌సైటు అడ్రసు. ఫారంలో అడిగేవి ఇవే. వివరాలు ఎక్కించే అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, ఒక సంఘం వాళ్లది డాట్ కోప్ అంట, అది తీసుకుంది. ఇంకో సంఘానిది డాట్ భారత్, తెలుగులోనే ఉంది. దాన్ని మాత్రం ఎర్రగా చూపిస్తోంది. వాళ్లు తప్పు చెప్పారా, మన ఫారమే తప్పా?" అని అడిగింది. వాళ్లు చెప్పింది సరిగ్గానే ఉంది.

పాత కోడు తెరిచి చూశాను. అడ్రసు సరిచూసే పనంతా ఒకే ఒక్క రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల వరస ఎలా ఉండాలో చెప్పే నమూనా) మీద నడుస్తోంది. చివరి చుక్క తర్వాతి మాటలో (దీన్నే టీఎల్‌డీ అంటారు) ఇంగ్లీషు అక్షరాలు రెండుకు తగ్గకుండా, నాలుగుకు మించకుండా ఉంటే సరే, లేకపోతే తప్పు. ఒకప్పుడు ఇది పనికొచ్చిన లెక్కే. 1985లో డాట్ కామ్, ఆర్గ్, నెట్, ఎడ్యు, గవ్, మిల్ మొదలైనప్పుడు అన్నీ మూడక్షరాలు. దేశాలవి రెండక్షరాలు. 2001లో డాట్ ఇన్ఫో వచ్చినా నాలుగులోనే ఒదిగింది. అదే సమయంలో వచ్చిన డాట్ మ్యూజియం దగ్గరే ఆ లెక్క చెడింది. 2012లో ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ కొత్త పేర్లకు దరఖాస్తులు పిలిస్తే 1,930 వచ్చాయి. 2013 అక్టోబరులో వాటిలో మొదటి నాలుగు రూట్ జోన్‌లో, అంటే చెల్లే టీఎల్‌డీలన్నీ ఉండే అధికారిక జాబితాలో, చేరాయి. ఆ నాలుగింటిలో ఒక్కటీ ఇంగ్లీషు లిపిలో లేదు: ఒకటి అరబిక్, రెండు సిరిలిక్, ఒకటి చైనీస్. ఆ తర్వాత చేరిన ఒక జర్మన్ పేరుకి ఆస్కీ రూపమే (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీతతోనే రాసేది) 24 అక్షరాలు.

నాలుగుని 24గా మార్చేస్తే పనైపోతుందని అనిపిస్తుంది. కానీ చేయి జారి కొట్టిన "డాట్ కామ్మ్" అప్పుడూ ఎప్పటిలాగే లోపలికి వచ్చేస్తుంది. ఒక పేరు టీఎల్‌డీ అవునో కాదో దాని ఆకారం చెప్పలేదు. రూట్ జోన్‌లో ఉంటే అవును, లేకపోతే కాదు. పోలింగ్ కేంద్రంలో ఓటరు జాబితా చూసినట్టు, పేరు ఉందా లేదా అని చూడటమే దారి.

అందుకని పాత లైను తీసేసి మూడు ఫంక్షన్లుగా విడగొట్టి రాయాలని నిర్ణయించాను. పైథాన్ 3లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు కాబట్టి వాటికి రూపం_చూడు, రూట్లో_ఉందా, సొంత_పేరు అని పేర్లు పెట్టాను. అక్షరాలు, పొడవు వగైరా మొదటిది చూస్తుంది. చివరి మాట నిజంగా ఇంటర్నెట్‌లో ఉందో లేదో రెండోది చెబుతుంది. అడ్రసులో ఎక్కడిదాకా రిజిస్ట్రీది (ఆ టీఎల్‌డీని నడిపే సంస్థది), ఎక్కడినుంచి మనిషి కొనుక్కున్నది అన్నది మూడోది తేలుస్తుంది. ఈ మూడు ప్రశ్నల్నీ కలిపేసి ఒక అవును–కాదుతో తేల్చేయడం వల్లే ఫారాలు మంచి అడ్రసుల్ని వెనక్కి పంపుతుంటాయని నా నమ్మకం.

మంగళవారం

ఈరోజు జాబితా పని.

రూట్ జోన్ జాబితాను నిర్వహించే ఐయానా అందరికీ అందుబాటులో ఉంచే టెక్స్ట్ ఫైలు ఒకటుంది. లైనుకో పేరు చొప్పున, అన్నీ క్యాపిటల్ అక్షరాల్లో, అక్షరక్రమంలో ఉంటాయి. మొదటి లైను హ్యాష్ గుర్తుతో మొదలవుతుంది. అందులో వెర్షన్ నంబరు (తేదీ అంకెలు, వాటి వెనక ఇంకో రెండంకెలు), చివరగా మార్చిన సమయం ఉంటాయి. మిగతాదంతా పేర్లే, పద్నాలుగు వందలు దాటి ఉన్నాయి. ఇంగ్లీషేతర లిపుల పేర్లు అందులో అసలు రూపంలో కనబడవు. ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలతో మొదలయ్యే ఆస్కీ రూపంలో ఉంటాయి.

చదివి, చిన్న అక్షరాల్లోకి మార్చి, ఒక ఫ్రోజెన్ సెట్‌లో పెట్టుకుంటే చాలు. డేటాబేస్ అక్కర్లేదు, ట్రీ అక్కర్లేదు. జావాలో రాసేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి. టర్కిష్ లొకేల్ (భాషా సెట్టింగు) ఉన్న మెషీన్లో క్యాపిటల్ ఐ చిన్నక్షరంగా మారితే పైన చుక్క లేని ఐ వస్తుంది. దాంతో డాట్ ఇన్, డాట్ ఇన్ఫో రెండూ జాబితాలో లేనట్టే తేలుతుంది. చిన్నక్షరాలు చేసేటప్పుడు లొకేల్ రూట్ అని స్పష్టంగా చెప్పాలి. పైథాన్‌లో ఈ బెడద లేదు.

ఎక్కువ సమయం పట్టింది దింపుకోవడంలో జాగ్రత్తల దగ్గర. నెట్‌లోంచి తెచ్చిన ఫైలుని చూడకుండా నమ్మితే ఒకరోజు ఫారం మొత్తం ఆగిపోతుంది. హోటల్ వైఫై లాగిన్ పేజీలు ఏ ఫైలు అడిగినా "200 ఓకే" అంటూ హెచ్‌టీఎంఎల్ చేతిలో పెడతాయి. ఆ హెచ్‌టీఎంఎల్‌ని లైన్లుగా విడగొట్టి టీఎల్‌డీల జాబితా అనుకుంటే ఇక అంతే సంగతులు. కాబట్టి కొత్త ఫైలుకి ఈ పరీక్షలు పెట్టాను. మొదటి లైనులో వెర్షన్ ఉండాలి, అది చేతిలో ఉన్న వెర్షన్ కంటే పాతది కాకూడదు. మిగతా ప్రతి లైనులో అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప ఇంకేమీ ఉండకూడదు. కామ్, ఆర్పా, ఇన్, డాట్ భారత్ ఆస్కీ రూపం, ఈ నాలుగూ తప్పనిసరిగా కనబడాలి. నిన్నటి జాబితాతో పోలిస్తే యాభైకి మించి పేర్లు మాయమైతే కొత్తదాన్ని పక్కన పెట్టి పాతదే వాడుతూ మాకు మెయిల్ పంపాలి. ప్యాకేజీతోపాటు ఒక కాపీ ఎలాగూ ఉంటుంది, నెట్ లేకపోయినా పని ఆగదు.

ప్రతిసారీ డీఎన్ఎస్‌నే (పేరు చెబితే దాని సర్వరు ఎక్కడుందో చెప్పే ఇంటర్నెట్ వ్యవస్థ) అడిగితే పోదా అని ఒక మిత్రుడు అన్నాడు. చివరి మాటకి ఎన్ఎస్ రికార్డు (ఆ పేరు గురించి జవాబు చెప్పే సర్వరు వివరం) ఉందా అని అడగొచ్చు, నిజమే. రూట్ సర్వర్లు ఉన్నది అందుకే. కానీ మన తరఫున డీఎన్ఎస్‌ని అడిగే రిజాల్వర్లలో కొన్ని, లేని పేరుకి "లేదు" అని చెప్పకుండా తమ ప్రకటనల పేజీ అడ్రసు తిప్పిస్తాయి. పైగా ఫారంలో ఎవరు ఏం టైపు చేస్తున్నారో బయటికి తెలిసిపోతుంది. చిన్న ఫైలు ఒకటి దగ్గర ఉంటే ఈ రెండూ ఉండవు. డీఎన్ఎస్ అడగడం చివర్లో, ఆ సైటు నిజంగా నడుస్తోందా అని చూసేటప్పుడు.

బుధవారం

రూపం_చూడు త్వరగానే అయింది. చుక్కల మధ్య ఉన్న ఒక్కో ముక్క 63 అక్షరాలు దాటకూడదు. 63 ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకుంటే ఇక మర్చిపోలేం. డీఎన్ఎస్ ప్యాకెట్‌లో ప్రతి ముక్క ముందూ దాని పొడవు చెప్పే ఒక బైటు ఉంటుంది. దాని ఎనిమిది బిట్లలో పై రెండింటిని వేరే పనికి, అంటే ముందొచ్చిన పేరునే మళ్లీ చూపించే పాయింటర్లకి వాడుకున్నారు. మిగిలిన ఆరు బిట్లలో పట్టే అతిపెద్ద సంఖ్య 63. మొత్తం పేరు 255 బైట్లు. అందులో మొదటి పొడవు బైటు, చివర్లో రూట్‌కి గుర్తుగా ఉండే సున్నా బైటు తీసేస్తే కంటికి కనబడేది 253 అక్షరాలు. 1987 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1035 పెట్టిన ఈ కొలతలు ఈరోజుకీ మారలేదు.

చివర చుక్క ఉన్న అడ్రసు తప్పు కాదు. ఆ చుక్క తర్వాత ఉన్న ఖాళీయే రూట్. దాన్ని తీసేసి ముందుకెళ్లాలి, అంతే. చివరి ముక్క మొత్తం అంకెలే అయితే అది డొమైన్ కాదు, ఐపీ అడ్రసు అనుకుని వేరే దారికి పంపాలి.

శుక్రవారం

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. డాట్ భారత్.

డాట్ భారత్ తెలుగు రూపం 2011లో రూట్ జోన్‌లో చేరింది. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ, తమిళ రూపాలు కూడా అప్పుడే వచ్చాయి. తర్వాత కన్నడ, మలయాళం, ఒడియా, అస్సామీ, సంస్కృతం వంటివి కూడా కలిసి మొత్తం పదిహేను అయ్యాయి. తెలుగు లిపిలో ఉన్న టీఎల్‌డీ ఇప్పటిదాకా ఇదొక్కటే. రూట్ జోన్ ఫైల్లో దీని రూపం: ఎక్స్‌ఎన్, రెండు అడ్డగీతలు, ఆ తర్వాత ఎఫ్, పీ, సీ, ఆర్, జే, 9, సీ, 3, డీ. మొత్తం పదమూడు అక్షరాలు.

కోడు సరిచూద్దామని మిగతా భాషల రూపాల్ని వరసగా ప్రింట్ చేశాను. హిందీది హెచ్, 2, బీ, ఆర్, జే, 9, సీ. గుజరాతీది జీ, ఈ, సీ, ఆర్, జే, 9, సీ. కన్నడది 2, ఎస్, సీ, ఆర్, జే, 9, సీ. ఒడియా, పంజాబీ, బెంగాలీ కూడా అంతే. మొదటి మూడక్షరాలు వేరు, ఆ తర్వాత అన్నిటికీ "ఆర్, జే, 9, సీ". ఇది యాదృచ్ఛికం కాదు. యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే ప్రమాణం) భారతీయ లిపుల గదులు మన దేశపు ఇస్కీ ప్రమాణం వేసిన వరసలోనే ఉన్నాయి. ప్రతి లిపికీ 128 గదుల బ్లాకు. అందులో త, భ, ర, దీర్ఘం ఏ లిపిలోనైనా బ్లాకు మొదలు నుంచి ఒకే దూరంలో ఉంటాయి. ఆ ఆస్కీ రూపాన్ని తయారుచేసే ప్యూనీకోడ్ అక్షరాల్ని కోడ్ నంబర్ల వరసలో పేర్చి, ఒకదానికి ఇంకోదానికి ఉన్న తేడాని మాత్రమే రాస్తుంది. కాబట్టి మొదటి మూడక్షరాలు "ఏ లిపి, ఎక్కడ మొదలు" అని చెబుతాయి. ఆ తర్వాతి తేడాలు అన్ని లిపుల్లోనూ ఒకటే. తెలుగులో చివర పొల్లు ఉంది కదా, దాని కోసమే చివర "3, డీ". పొల్లు బ్లాకులో ఈ మిగతా అక్షరాలన్నిటికంటే వెనక ఉంది కాబట్టి చివరగా చేరింది. నాలుగు అక్షరాల తోకలో ఇన్ని లిపుల చుట్టరికం కనబడటం చూసి చాలాసేపు ఆ స్క్రీన్ ముందే కూర్చున్నాను.

ఇక పని విషయం. పైథాన్‌తో వచ్చే ఐడీఎన్ఏ ఎన్‌కోడర్ (ఇతర లిపుల పేర్లని ఆస్కీ రూపంలోకి మార్చేది) 2003 నాటి నియమాలు పాటిస్తుంది. 2010లో వచ్చిన కొత్త నియమాలు, అంటే ఐడీఎన్ఏ 2008 అని పిలిచేవి, కావాలంటే విడిగా ప్యాకేజీ వేసుకోవాలి. తెలుగుకి ఈ రెండింటి మధ్య తేడా చాలా ముఖ్యం. మనం "రాజ్‌కుమార్" అని టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక నాన్‌జాయినర్ వేస్తాం. లేకపోతే జ కింద క వత్తు పడుతుంది. పాత నియమాలు ఆ నాన్‌జాయినర్‌ని చప్పుడు లేకుండా తీసేస్తాయి. కొత్త నియమాల ప్రకారం పొల్లు తర్వాత వచ్చే నాన్‌జాయినర్ చెల్లుతుంది, దాన్ని ఉంచే ఎన్‌కోడ్ చేస్తారు. ఫలితం వేరే అడ్రసు.

ఇప్పుడు ఎవరో ఒక వ్యాసంలోంచి "భారత్‌లో" అన్న చోట మొదటి భాగం వరకే కాపీ చేసి ఫారంలో అతికించారనుకుందాం. త పొల్లు వెనక నాన్‌జాయినర్ కూడా వచ్చేస్తుంది. స్క్రీన్ మీద డాట్ భారత్ అచ్చంగా అలాగే ఉంటుంది. కొత్త నియమాల ఎన్‌కోడర్ దానికి వేరే ఆస్కీ రూపం ఇస్తుంది. అది జాబితాలో ఉండదు. "మీ టీఎల్‌డీ లేదు" అని ఫారం అంటుంది. ఆ మనిషి ఎన్నిసార్లు చూసినా తప్పు కనబడదు. ఎందుకంటే అక్కడ కనబడేదేమీ లేదు.

దీనికి నేను తీసుకున్న నిర్ణయం: చివరి ముక్కలో జాయినర్ (అక్షరాల్ని కలిపే కనబడని గుర్తు), నాన్‌జాయినర్ ఎక్కడున్నా తీసేయాలి. రూట్ జోన్ పేర్ల నియమాల్లో ఆ రెండింటికీ చోటే లేదు కాబట్టి తీసేసినందువల్ల ఏ నిజమైన టీఎల్‌డీకీ నష్టం ఉండదు. దానికి ముందున్న ముక్కల్లో మాత్రం ముట్టుకోను. అక్కడ అది మనిషి కొనుక్కున్న పేరులో భాగం కావచ్చు.

ఇంకోటి, ఐత్వం. "హైదరాబాద్"లో హ మీది గుర్తుని ఒకే కోడుగానూ రాయొచ్చు, ఎత్వం ప్లస్ ఐత్వపు కింది ముక్క అని రెండు కోడ్లుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే. ఎన్‌కోడ్ చేసే ముందే ఎన్ఎఫ్‌సీ (ఇలాంటి జంట రాతల్ని ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేసి రెండింటినీ ఒకటిగా మార్చాలి. టెస్టుల్లో "హైదరాబాద్" రెండు రకాలుగానూ పెట్టాను.

శనివారం రాత్రి

ఫారం ఒక్కటే కాదు, సంఘాల గురించి మనుషులు రాసి పంపిన పాత నోట్సులోంచి కూడా అడ్రసులు ఏరాలి. ఇక్కడ తెలుగు వాక్యమే అడ్డం తిరిగింది.

మనం అడ్రసు ఇంగ్లీషు లిపిలో రాసి వెంటనే, మధ్యలో ఖాళీ లేకుండా, తెలుగులో "లో", "కి", "ను" తగిలిస్తాం. డాట్ ఇన్ పక్కనే "లో". ఇంగ్లీషు వాక్యాల కోసం రాసిన ఏరివేత కోడుకి ఇలాంటిది ఊహకే అందదు. పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో "పదంలోని అక్షరం" అన్న గుర్తు తెలుగు హల్లుల్ని అక్షరాలుగా ఒప్పుకుంటుంది, గుణింతపు గుర్తుల్ని ఒప్పుకోదు. కాబట్టి "ఇన్ + లో"లోంచి అది ల వరకూ మింగేసి ఓత్వం దగ్గర ఆగిపోతుంది. చేతికొచ్చిన టీఎల్‌డీ: ఇంగ్లీషు ఐ, ఎన్, తెలుగు ల. అదే కారణంగా డాట్ భారత్‌లో భ దాటి ఒక్క అడుగు ముందుకు వేయలేదు, ఎందుకంటే తర్వాతిది దీర్ఘం.

విడిగా దొరికే రెజెక్స్ ప్యాకేజీ గుణింతాల్ని కూడా పదంలో భాగంగా చూస్తుంది. అది వాడి, పైన రెండు నియమాలు పెట్టాను. చివరి ముక్క ఇంగ్లీషు లిపిలో మొదలై తెలుగులోకి మారితే, లిపి మారిన చోట కోసేయాలి. చివరి ముక్క మొదటి నుంచీ తెలుగే అయితే, జాబితాలోని తెలుగు టీఎల్‌డీల్లో ఏది దాని మొదట్లో ఉందో చూసి అక్కడ కోయాలి. "భారత్‌లో", "భారత్‌కు", "భారత్‌ను" మూడూ సరిగ్గా తెగాయి. "భారతదేశం" జోలికి పోదు. అందులో త తర్వాత పొల్లు లేదు కాబట్టి సరిపోలదు. రేపు ఇంకో తెలుగు టీఎల్‌డీ వచ్చినా కోడు మార్చక్కర్లేదు, జాబితాలోంచి అదే పట్టుకుంటుంది.

ఏరేటప్పుడు టీఎల్‌డీ జాబితా చూసినంత మాత్రాన సరిపోదని కూడా తెలిసింది. నోట్సులో ఎవరో ఫొటోల ఫైలు పేరు రాశారు, చివర జిప్ అని ఉంది. 2023 నుంచి డాట్ జిప్ పేర్లు ఎవరైనా కొనుక్కోవచ్చు. అది గూగుల్ నడిపే టీఎల్‌డీ. అలాగే డాట్ ఎండీ మాల్డోవాది, డాట్ పీవై పరాగ్వేది, డాట్ ఎస్‌హెచ్ సెయింట్ హెలీనాది. ఈ తోకలున్న ఫైలు పేర్లన్నీ అడ్రసుల్లాగే కనబడతాయి. అందుకని ముందు హెచ్‌టీటీపీ గానీ మూడు డబ్ల్యూలు గానీ లేకుండా ఇలాంటి తోక ఉంటే "చూడాల్సినవి" అన్న పక్క జాబితాలోకి పంపుతున్నాను. అక్కడ మనిషి కన్ను పడాల్సిందే.

ఆదివారం

రూట్‌లో లేకపోయినా తప్పు అనకూడని పేర్లు కొన్ని ఉన్నాయి. టెస్ట్, ఎగ్జాంపుల్, ఇన్వాలిడ్, లోకల్‌హోస్ట్ అనే నాలుగింటిని 1999లోనే పక్కన పెట్టారు. ఇంట్లో ప్రింటర్లు వాడే డాట్ లోకల్ 2013లో, మనిషి ఎవరో దాచే టార్ నెట్‌వర్కు వాడే డాట్ ఆనియన్ 2015లో చేరాయి. సంస్థల లోపలి నెట్‌వర్కుల కోసం డాట్ ఇంటర్నల్‌ని ఐకాన్ 2024లో రిజర్వు చేసింది. ఇవి వస్తే నా కోడు "ప్రత్యేకం" అంటుంది. డాట్ ఆర్పా దీనికి తలకిందులు. రూట్‌లో ఉంది గానీ అది ఇంటర్నెట్ లోపలి పనులకే, ఏ సంఘం సైటూ అక్కడ ఉండదు.

ఎవరికీ ఇవ్వలేదు కదా అని ఏదో ఒక పేరు సొంతంగా వాడుకోవడం ఎంత ప్రమాదమో డాట్ డెవ్ చూపించింది. ఎంతోమంది డెవలపర్లు తమ ల్యాప్‌టాప్‌లో సైట్లకి ఆ తోక పెట్టుకున్నారు. గూగుల్ ఆ టీఎల్‌డీ తీసుకుంది. 2017 డిసెంబరులో వచ్చిన క్రోమ్ 63 డాట్ డెవ్ అంతటినీ హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లించింది. వాళ్ల లోకల్ సైట్లు తెరుచుకోవడం ఆగిపోయాయి. మా టెస్టుల్లో ఊహా అడ్రసులన్నిటికీ డాట్ ఎగ్జాంపుల్ తప్ప ఇంకోటి వాడకూడదని రెపోలో రాసిపెట్టాను.

తప్పు టైపింగ్ గురించి కూడా. "డాట్ కామ్మ్" జాబితాలో లేదు కాబట్టి దొరికిపోతుంది. కానీ కామ్‌లో ఒక అక్షరం ఎగిరిపోతే మిగిలేవి చూడండి: సీ, ఎం అంటే కామెరూన్, సీ, ఓ అంటే కొలంబియా, ఓ, ఎం అంటే ఒమాన్. మూడూ నిజమైన టీఎల్‌డీలే. జాబితా వీటిని ఆపలేదు, ఆపకూడదు కూడా. వాటికి ఎర్ర రంగు బదులు పసుపు రంగులో "ఇది కామెరూన్ అడ్రసు, ఇదే కావాలా?" అని ఫారం అడుగుతుంది. అవునంటే తీసుకుంటుంది. వద్దనే హక్కు ఫారానికి ఇవ్వలేదు.

మంగళవారం

మూడో ఫంక్షన్, సొంత_పేరు. ఒకే సంఘం రెండుసార్లు నమోదైందా అని పట్టుకోవాలంటే అడ్రసులో ఎవరి పేరు ఎక్కడ మొదలవుతుందో తెలియాలి.

చివరి రెండు ముక్కలు తీసుకుంటే చాలనుకునే కోడు చాలాచోట్ల కనబడుతుంది. ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్, తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్ తీసుకోండి. చివరి రెండు ముక్కలు రెండింటికీ గవ్ డాట్ ఇన్. రెండు రాష్ట్ర ప్రభుత్వాలు, వాటితోపాటు కేంద్రం, అన్నీ ఒకే సంస్థ అయిపోతాయి. కో డాట్ ఇన్ మీద ఉన్న సంఘాలన్నీ ఒకే సంఘం అయిపోతాయి.

దీనికి మొజిల్లా మొదలుపెట్టిన పబ్లిక్ సఫిక్స్ లిస్ట్ ఉంది. ఎక్కడిదాకా రిజిస్ట్రీ సరిహద్దో లైనుకో నియమంగా రాసిన ఫైలు. బ్రౌజర్లు కుకీల కోసం దీన్నే చూస్తాయి, లేకపోతే కో డాట్ ఇన్ మొత్తానికి ఎవరో ఒకరు కుకీ పెట్టేయగలరు. నియమాలు మూడు రకాలు. మామూలువి, నక్షత్రం ఉన్నవి, ఆశ్చర్యార్థకంతో మొదలయ్యే మినహాయింపులు. కుక్ దీవుల డాట్ సీకే కింద ఏ ముక్క వచ్చినా అది రిజిస్ట్రీదే అని నక్షత్రం చెబుతుంది. మూడు డబ్ల్యూల డాట్ సీకే మాత్రం కాదు అని మినహాయింపు చెబుతుంది. మినహాయింపు ఉంటే అదే గెలుస్తుంది, లేకపోతే ఎక్కువ ముక్కలు కలిసిన నియమం గెలుస్తుంది.

ఫైల్లో రెండు భాగాలున్నాయి. ఒకటి రిజిస్ట్రీలది, ఇంకోటి ప్రైవేటు సంస్థలది. గిట్‌హబ్ డాట్ ఐవో రెండో భాగంలో ఉంది. ఉచిత హోస్టింగ్ మీద ఉన్న రెండు సంఘాలు వేర్వేరుగా లెక్కకు రావాలంటే రెండో భాగం కూడా వాడాలి. మాకు కావాల్సింది అదే, ఆన్ చేశాను.

ఈ లిస్ట్ ఉంటే ఐయానా జాబితా ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. దీని నియమాల్లో ఏదీ సరిపోలకపోతే "నక్షత్రం ఒక్కటే" అనే డిఫాల్ట్ నియమం వర్తిస్తుంది. అంటే "డాట్ కామ్మ్" ఇచ్చినా "సరే, కామ్మ్ ఒక సఫిక్స్" అనుకుని జవాబిస్తుంది. సరిహద్దు చెప్పడం దాని పని, ఉనికి చెప్పడం కాదు. కాబట్టి రూట్లో_ఉందా నెగ్గాకే సొంత_పేరు నడవాలి. ఈ వరస తప్పకుండా ఉండటానికి కోడ్‌లోనే కట్టుదిట్టం చేశాను. మొదటి ఫంక్షన్ ఇచ్చిన ఫలితాన్నే రెండోది, రెండోది ఇచ్చినదాన్నే మూడోది తీసుకుంటుంది. మామూలు స్ట్రింగ్ ఇస్తే ఒప్పుకోదు.

గురువారం

జాబితా పెరగడమే కాదు, తరుగుతుంది కూడా. యుగోస్లావియా డాట్ వైయూ 2010లో పోయింది. తూర్పు తైమూర్ పాత కోడు డాట్ టీపీ 2015లో తీసేశారు, ఇప్పుడు డాట్ టీఎల్. 2007లో పరీక్ష కోసం పదకొండు టీఎల్‌డీలు పెట్టారు, హిందీ, తమిళం కూడా వాటిలో ఉన్నాయి. 2013లో వాటిని తీసేశారు. అయినా చేత్తో రాసిపెట్టుకున్న జాబితాలున్న పాత లైబ్రరీల్లో అవి బతికే ఉండటం చూశాను. కంపెనీలు తమ బ్రాండు పేరు మీద తీసుకుని, తర్వాత వద్దనుకుని వదిలేసినవీ ఉన్నాయి. డాట్ మెక్‌డొనాల్డ్స్ అలా వెళ్లిపోయింది.

ఇప్పుడు అందరి కళ్లూ డాట్ ఐవో మీద ఉన్నాయి. అది బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతపు కోడు. ఆ దీవుల్ని మారిషస్‌కి అప్పగిస్తామని బ్రిటన్ 2024 అక్టోబరులో ప్రకటించింది, 2025 మేలో రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దేశ కోడ్లు ఐఎస్ఓ 3166 జాబితా నుంచి వస్తాయి. అందులోంచి ఒక కోడు పోతే ఆ టీఎల్‌డీని విరమింపజేసే విధానం మొదలవుతుంది. దానికి ఏళ్ల గడువు ఉంటుంది. కాబట్టి గిట్‌హబ్ పేజీల మీద ఉన్న సంఘాలకి కంగారేమీ లేదు. కానీ డేటాబేస్ మాత్రం ఆ రోజుకి సిద్ధంగా ఉండాలి.

అందుకని ప్రతి అడ్రసు పక్కనా దాన్ని సరిచూసినప్పటి జాబితా వెర్షన్ కూడా దాస్తున్నాం. జాబితా మారినప్పుడు పాత అడ్రసులన్నీ మళ్లీ ఒకసారి చూస్తుంది. ఏదైనా టీఎల్‌డీ పోతే ఆ అడ్రసు చెరిపేయదు, "సంఘాన్ని అడగాలి" అన్న గుర్తు పెడుతుంది. ఒక సంఘం వెబ్‌సైటు అడ్రసు మారితే వాళ్లకి ఫోన్ చేయాల్సింది మనిషి. ప్రోగ్రాం ఆ వివరాన్ని మాయం చేస్తే ఎవరికి ఫోన్ చేయాలో కూడా తెలియదు.

పెరిగే వైపు కూడా చూసుకోవాలి. కొత్త టీఎల్‌డీల దరఖాస్తులకి తర్వాతి విడతను 2026 ఏప్రిల్‌లో తెరవాలని ఐకాన్ నిర్ణయించింది. నేను మొదటి మంగళవారం పెట్టిన యాభై పేర్ల హద్దు మాయమయ్యేవాటికే వర్తిస్తుంది, చేరేవాటికి లేదు. ఒకేరోజు వంద చేరినా అది మంచి వార్తే.

మిగిలింది ఈమెయిల్. ఎట్ గుర్తుకి కుడివైపు భాగానికి ఇదే కోడు పనికొస్తుంది. ఎట్ గుర్తుకి ఎడమవైపున తెలుగు పేరు ఉంటే దారి వేరు. దాన్ని ప్యూనీకోడ్ చేయకూడదు, యూటీఎఫ్–8గానే (యూనికోడ్ అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) పంపాలి. దానికి అవతలి మెయిల్ సర్వరు 2012లో వచ్చిన ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే పద్ధతి) యూటీఎఫ్–8 ఎక్స్‌టెన్షన్‌ని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటుందో లేదో ముందే అడిగి చూసే చిన్న స్క్రిప్టు మొదలుపెట్టాను. ఫారంలో ఈమెయిల్ గడి మాత్రం అప్పటిదాకా ఏ పేరునైనా తీసుకుంటుంది. ఎట్ గుర్తు ఒకటి ఉందా, కుడివైపు టీఎల్‌డీ రూట్‌లో ఉందా అన్నవి తప్ప ఇంకేమీ చూడదు.